నల్లా అన్న వెతికిన ఇల్లు

నల్లా అన్న పోయాడని నాకు పాలావిడ చెప్పింది. ఇవాళ పాలు మరీ పల్చగా ఉన్నాయి అని నేను నోరు తెరవబోతుంటే, నా నోరు మూయించడానికన్నట్టు, "ఎర్కనా మేడం, మన నల్లాల అన్న సచ్చిపోయిండు" అంది. ఆ తర్వాత పాల సంగతి నాకు గుర్తు రాలేదు. అయ్యో మనిషి పోయాడే అని కూడా అనుకోలేదు ముందు. "ఆ ఇల్లు దొరికిందటా?" అని అడిగాను. ఏ ఇల్లని ఆవిడ అడగలేదు. మొఘల్‌పురాలో సగంమందికి ఆ ఇంటి సంగతి తెలుసు. "యాడ దొరికింది మేడం, దొరకకుండనే పాయె" అంది.

అతను ఒక ఇంటికోసం ఏడాదిగా వెతుకుతున్నాడు. ఎందుకు వెతికాడో చెబుతాను గానీ, ముందు మనిషిని చెప్పాలి.

అతని పేరు రాయను. రాసినా ఉపయోగం లేదు, ఆ పేరుతో అతన్నెవరూ పిలవగా నేను వినలేదు. కుళాయిని ఈ పాతబస్తీలో నల్లా అంటారు గనక మా గల్లీలో నల్లా అన్న. పక్క గల్లీలో పైపుల తాత. వీధి చివరి ఇళ్ళలో చాచా. మనిషి పొట్టి. పనిముట్ల సంచీ ఏళ్ళ తరబడి ఒకే భుజానికి తగిలించుకోవడం వల్ల ఎడమ భుజం కిందికి జారిపోయింది, సంచీ లేనప్పుడు కూడా ఉన్నట్టే నడిచేవాడు. చెప్పులు వీధి గుమ్మం దగ్గర కాదు, బాత్రూం గుమ్మం దగ్గర విప్పేవాడు. అప్పుడే కడిగిన హాలంతా ఆ చెప్పులతో తొక్కుకుంటూ వెళ్ళేవాడు. ఎన్నిసార్లు చెప్పినా "మర్శిన మేడం" అనేవాడు, మళ్ళీ వచ్చినప్పుడూ అంతే.

పని మొదలుపెట్టే ముందు గోడ మీద వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. లోపల ఏం వినిపించేదో నాకు తెలీదు, చాలాసార్లు అతనికీ వినిపించేది కాదనుకుంటాను, ఎందుకంటే మొదట పగలగొట్టిన చోట పైపు ఉండేది కాదు. అప్పుడు పైపుని తిట్టేవాడు, ఇల్లు కట్టిన మేస్త్రీని తిట్టేవాడు, ఈ ఇల్లు కొన్నందుకు మమ్మల్నీ ఒక మాట అనేవాడు. నీళ్ళని మాత్రం ఎవరినీ ఏమీ అననిచ్చేవాడు కాదు. "నీళ్ళ తప్పేముంది మేడం, తోవ ఇడిస్తె అదే వస్తది." పని అయ్యాక తను బిగించిన నల్లా తిప్పి, దోసిలి పట్టి, మొదటి గుక్క తనే తాగేవాడు. అది సంపు నీళ్ళయినా సరే. తాగి, మూతి తుడుచుకుని "చల్" అనేవాడు. అప్పుడే టీ ముట్టేవాడు.

ఇన్ని వేషాలున్న మనిషికి ఒక్క భయం ఉండేది, కరెంటు. బాత్రూంలో లైటు కూడా తను వేసుకునేవాడు కాదు. "మేడం, జర లైటెయ్యుండ్రి" అని కేకేసేవాడు. నేను వంటింట్లో ఉండి పలక్కపోతే ఆ చీకట్లోనే, తలుపు సందులోంచి వచ్చే వెలుతుర్లో పని చేసుకునేవాడు. "స్విచ్చి నొక్కితే కరుస్తుందా అన్నా?" అని ఏడిపిస్తే, "కరుస్తదో కరువదో నాకేం ఎర్క? నాకు ఎర్కలేనిదాని మీద నేను చెయ్యి వెయ్య" అనేవాడు. చిన్నప్పుడు పని నేర్పిన ఉస్తాదు అతనికి చెప్పాడట, పానీ కా కామ్ పానీ తక్, నీళ్ళ పని నీళ్ళ దాకానే అని. గోడలో కరెంటు తీగ కనిపిస్తే మొహం తిప్పుకోమన్నాడట. ఇతను దాన్ని వేదవాక్కులా పట్టుకున్నాడు. నిజంగానే మొహం తిప్పుకునేవాడు. ఎదురుగా తీగ ఉంటే పెళ్ళికాని పిల్లని చూసిన పెద్దమనిషిలా పక్కకి చూసేవాడు.

ఒకసారి మా గీజర్ కారింది. మా ఆయన కంచన్‌బాగ్‌లో, నిప్పుకి లొంగని లోహాలు తయారు చేసే చోట ఉద్యోగం చేస్తారు. ఇంట్లో బల్బు మార్చమంటే మాత్రం స్టూలు ఊగుతోందంటారు. కాబట్టి నల్లా అన్నని పిలిచాను. కొత్త గీజర్ అట్టపెట్టెలో సిద్ధంగా ఉంది. అతను పాతదాని పైపులు విప్పాడు, నీళ్ళు వంపాడు, తర్వాత వెళ్ళి వీధి మెట్టు మీద కూర్చున్నాడు. ఏమైందంటే, ఇక వైర్‌మన్ రావాలి అన్నాడు. వైర్‌మన్ శుక్రవారం నమాజుకి వెళ్ళాడు, అటునుంచి ఎవరింటికో దావత్‌కి వెళ్ళాడు. మధ్యాహ్నం దాటింది. ఇంట్లో ఎవరికీ స్నానాల్లేవు.

"రెండు స్క్రూలన్నా! మెయిన్ కట్టేసే ఉంది. ఆ తీగలు విప్పి దీనికి బిగించెయ్యి, అయిపోతుంది" అన్నాను.

"గా రెండు స్క్రూలే ఆయన పని మేడం."

"నీకు చేతకాదా?"

"బిగిచ్చుడు ఎవరికన్న వస్తది. బిగిచ్చినంక మీకేమన్న అయితె?"

"నాకేమీ కాదు."

"గది మీకెట్ల ఎర్క?" అన్నాడు, నాకేదో పెద్ద రహస్యం తెలిసినట్టు ఆశ్చర్యపడి.

పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. సాయంత్రానికి వైర్‌మన్ వచ్చాడు, బక్కపలచటి మనిషి, బిర్యానీ నిద్రలో ఉన్నాడు. పది నిమిషాల్లో పని ముగించాడు. తర్వాత ఇద్దరూ బాత్రూంలో గోడనుంచి రాలిన మట్టి ఎవరు ఎత్తాలి అని కాసేపు లొల్లి పెట్టుకున్నారు. చివరికి నేనే ఎత్తాను.

అలాంటి వాడికి గిరాకీ ఎలా నిలుస్తుంది? ఫోన్‌లో నొక్కితే వచ్చే కుర్రాళ్ళు వచ్చారు. ఒక్కడే వస్తాడు, పైపులు వాడే విప్పుతాడు, తీగలు వాడే కలుపుతాడు, చేతులు కడుక్కుని వెళ్ళిపోతాడు. గీజర్ మార్చాలంటే ఇద్దర్ని పిలిచి రోజంతా కాపు కాసే ఓపిక ఎవరికుంది? అందరూ వాళ్ళనే పిలిచారు. నల్లా అన్నకి వాళ్ళ మీద కోపం కూడా ఉండేది కాదు. "మంచిగనే చేస్తరు కావొచ్చు. నాకేం ఎర్క" అనేవాడు. నాకేం ఎర్క అన్నది అతని ఊతపదం. కొంచెం గర్వంగానే అనేవాడు దాన్ని.

అదే సమయంలో అతనికి వేరే పని దొరికింది. పాత ఇళ్ళలో ఇనప పైపులు లోపల తుప్పు పట్టిపోయి, నీళ్ళు టీ రంగులో రావడం మొదలైంది. వాటిని తీసేసి తెల్లటి ప్లాస్టిక్ పైపులు వేయించుకోవడం మొదలుపెట్టారందరూ. ఇందులో కరెంటు లేదు, ఒక్క మనిషి చాలు. నల్లా అన్నకి ప్రాణం లేచొచ్చింది. కోసిన ఇనప పైపు ముక్కని చూపుడువేలికి తొడుక్కుని, లోపల పేరుకున్న తుప్పుని ఇంటివాళ్ళందరికీ తిప్పి చూపించేవాడు. మొఘల్‌పురాలో ఇల్లిల్లూ అతనే మార్చాడు. అతన్ని నేను అంత సంతోషంగా ముందెప్పుడూ చూడలేదు, తర్వాత అసలే చూడలేదు.

మా వెనక గల్లీలో ఒకామె జాకెట్లు కుట్టేది. నావీ ఆమే కుట్టేది. కొలత తప్పిన ప్రతిసారీ "మీరే జర లావైన్రు మేడం" అని నా మీదే తోసేది. ఆమె మొగుడు ఆటో నడిపేవాడు. బోనాల ముందు వాళ్ళింట్లో పైపులు మార్చాడు నల్లా అన్న. చలి మొదలయ్యాక ఒక పొద్దున ఆమె వేణ్ణీళ్ళకి గీజర్ వేసి, బకెట్ పెట్టి, నల్లా మీద చెయ్యి వేసింది. అంతే. మొగుడు ఆటో తుడుస్తూ, ఇంకా రాదేమని రెండుసార్లు పిలిచాడట. తలుపు పగలగొట్టేసరికి ప్రాణం లేదు.

పోలీసులొచ్చారు, కరెంటాఫీసు నుంచి ఎవరో వచ్చారు. గీజర్ పాడైంది, కరెంటు నీళ్ళలోకి దిగింది అన్నారు. అది నిజమే. కానీ గీజర్లు పాడవడం కొత్త కాదు, అలా పాడైన ప్రతిసారీ మనుషులు పోలేదు. అసలు సంగతి మా వైర్‌మన్ కనిపెట్టాడు. జనంతో పాటు అతనూ చూడ్డానికి వచ్చాడు, నల్లా అన్నా వచ్చి నిలబడ్డాడు. వైర్‌మన్ బాత్రూంలోకి తల పెట్టి పైకి చూశాడు. గోడకి మేకు ఉంది, మేకుకి ఒక ఆకుపచ్చ తీగ, చక్కగా చుట్ట చుట్టి తగిలించి ఉంది.

ఆ తీగ కథ నాకు అప్పటిదాకా తెలీదు. ఈ పాత ఇళ్ళు కట్టినప్పుడు ఎర్తింగ్ ఎవరూ పెట్టించలేదు. గీజర్లు వచ్చిన కొత్తలో కొందరు వైర్‌మన్లు ఒక సులువు కనిపెట్టారు. గీజర్ ప్లగ్గు నుంచి ఒక తీగ లాగి, పక్కనే ఉన్న ఇనప నల్లా పైపుకి చుట్టేసేవారు. ఆ పైపు భూమిలోకి పోతుంది కదా, గీజర్‌లో కరెంటు ఎక్కడ కారినా ఆ దారిన భూమిలోకి దిగిపోతుంది, మనిషిని పట్టుకోదు. ఇనప పైపు ఉన్నంతకాలం ఎలాగో నడిచింది. దాన్ని తీసి ప్లాస్టిక్ పైపు వేస్తే, ఆ తీగ ఇక ఎక్కడికీ పోదు.

"ఎవరు ఇప్పిన్రు దీన్ని?" అని వైర్‌మన్ అడిగాడట. నేనే అన్నాడట నల్లా అన్న. వైర్‌మన్ అతన్ని పక్కకి తీసుకెళ్ళి, అదేమిటో మెల్లగా చెప్పాడు. ఇంకెవరికీ చెప్పలేదు, ఆ మంచితనం అతనిది. మర్నాడు నల్లా అన్న మా మెట్టు మీదికొచ్చి కూర్చుని తనే నాకు చెప్పాడు.

"పైపుకు సుట్టి ఉండె మేడం. కొయ్యాలంటె అడ్డమొచ్చింది. ఇప్పి, మంచిగ సుట్టి, మేకుకు తగిలిచ్చిన. పారెయ్యలే."

"కరెంటు తీగని తెలీలేదా?"

"అనుమానమొచ్చింది" అన్నాడు. "ఒక్కసారి అనిపిచ్చింది, ఇది కరెంటుదేమో అని. అనిపిచ్చే మొకం తిప్పుకున్న. నా పని గాదు గద."

ఏమనాలో తెలీక చాలా అన్నాను. గీజర్ పాడైంది, అది నీ తప్పు కాదన్నాను. పైపుకి తీగ చుట్టి చేతులు దులుపుకున్నవాడిది తప్పు, ఎర్తింగ్ పెట్టించని ఇంటాయనది తప్పు అన్నాను. అన్నీ విన్నాడు. ఆమె మొగుడి దగ్గరికి పోయి అంతా చెప్పానన్నాడు. ఆటో అతను ఎర్రబడిన కళ్ళతో అతన్ని చూసి, "నువ్వు నల్లాల పనోనివి అన్నా, కరెంటు సంగతి నీకేం ఎర్క. నీ మీద నాకేం లేదు, పో" అన్నాడట.

"కొట్టినా మంచిగుంటుండె మేడం" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని మొహం నేను చూడలేకపోయాను.

ఇంకేమీ తోచక, నీళ్ళు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నాను.

"దేవునికి ఎర్కుంటె ఏం ఫాయిదా మేడం. ఆ ఇంటోళ్ళకు ఎర్కుండాలె."

"ఏ ఇంటివాళ్ళకి? ఆటో అతనికి చెప్పావు కదా."

"ఇంకో ఇల్లున్నది."

అప్పుడు బయటపడింది. అంతకుముందు ఇంకెక్కడో కూడా అతను అలాగే ఒక తీగ విప్పాడు. ఏ ఇల్లో గుర్తు రావడం లేదు. ఎన్నో ఇళ్ళు మార్చాడు, అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. "ఇప్పినట్టు చేతికి యాదున్నది మేడం, ఇల్లు యాదికొస్తలేదు" అని తన చేతిని తనే చూసుకున్నాడు. బాత్రూం గోడలకి నీలం కలిపిన సున్నం ఉందట. వెంటిలేటర్‌లో పావురాలు గూడు పెట్టాయట. అంతే. పాతబస్తీలో నీలం సున్నం లేని బాత్రూం ఎక్కడుంది? పావురాలు లేని వెంటిలేటర్ ఎక్కడుంది?

ఆ రోజు నుంచి వెతకడం మొదలుపెట్టాడు. ముందు మా బాత్రూంలోనే చూశాడు, మాది గులాబీ రంగని తెలిసి కూడా. వైర్‌మన్ కొన్నాళ్ళు అతనితో తిరిగాడు, తర్వాత తన పొట్ట తను చూసుకోవాలి కదా, మానేశాడు. ఇతను ఒక్కడే తిరిగాడు. తలుపు కొట్టి, "మీ పైపులు నేనే మార్చిన్నా? ఒక్కసారి బాత్రూం జూస్త" అనేవాడు. ఏమని తలుపు తీస్తారు? ఆడవాళ్ళు మాత్రమే ఉన్న ఇళ్ళలో పరదా వెనకనుంచే పొమ్మనేవారు, మగవాళ్ళు వచ్చేదాకా ఎదురుగా అరుగు మీద కూర్చునేవాడు. గిరాకీ లేక ముసలాయన ఇళ్ళ మీద పడుతున్నాడన్నారు కొందరు. కారణం చెబితే ఇంకా భయపడేవారు, తీగ విప్పినవాణ్ణి మళ్ళీ బాత్రూంలోకి ఎవరు రానిస్తారు? కొన్ని ఇళ్ళు అమ్ముడుపోయాయి, కొన్ని కూలగొట్టి అపార్ట్‌మెంట్లు లేపారు. కొన్ని చోట్ల సున్నం పోయి టైల్స్ వచ్చాయి. దొరికిన ప్రతి నీలం గోడ దగ్గరా నిలబడి పైకి చూసేవాడు. చివరికి ఎవరింటికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, గోడల పైభాగమే చూస్తూ కూర్చునేవాడట. ఒకప్పుడు తీగ కనిపిస్తే మొహం తిప్పుకున్నవాడు.

పని మానేశాడు. నాకు కోపం వచ్చింది. నా కోపం అతని మీదో, చచ్చిపోయినావిడ మీదో, నాకే తెలీదు. ఒకరోజు పట్టుకుని గట్టిగానే అన్నాను.

"పని మానేస్తే ఏమొస్తుందన్నా? కరెంటు పని కూడా నేర్చుకో. నీళ్ళ పని చేసేవాడికి ఆ మాత్రం తెలిసుండాలి. ఆ ఫోన్ కుర్రాళ్ళే నయం, తీగని చూస్తే తీగ అని అయినా అంటారు."

"తెల్వక ఒకామెను చంపిన" అన్నాడు. "సగం తెలిస్తె ధైర్యమొస్తది మేడం. ధైర్యమొస్తె ఎందర్ని చంపుతనో."

"అయితే వాళ్ళు చేసేది తప్పంటావా?"

"వాళ్ళ ముచ్చట నాకెందుకు. నేను చెయ్యి పెట్టకపోతె పెట్టకపోయిన. ఆమెను పిలిచి, అమ్మా, ఈడ ఏందో తీగె ఉన్నది, ఎవరికన్న చూపిచ్చుకో అంటె అయిపోతుండె. గంతే మాట. గది గూడ అనలే."

పైపులవాడు గీజర్ తీగలు కలపొచ్చా కూడదా అని ఎవరైనా అడిగితే, రెండు వైపులా వాదించగలను, రెండు వైపులా ఓడిపోతాను. టీ ఇస్తానంటే వద్దని లేచి వెళ్ళిపోయాడు. అదే ఆఖరు.

ఆ కబురు విన్నాక పాలావిడని తోడు తీసుకుని కార్వాన్‌లో నల్లా అన్న ఇంటికి వెళ్ళాను. అతని భార్య గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నేనెవరో పాలావిడ చెప్పేలోపే, నేను కూర్చునేలోపే, "మీ ఇంట్ల పైపులు ఆయననే మార్చిండా అమ్మా? బాత్రూం నీలం రంగుంటదా?" అని అడిగింది. పాలావిడ ఇబ్బంది పడి, "ఈ మేడంది కాదక్కా, వీళ్ళది చూసిండు" అంది. ఆవిడ సరేనని తలూపింది. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళనీ అలాగే అడుగుతోందట. మా వెనక వచ్చిన వాళ్ళనీ అడిగింది.

"దవాఖానల గూడ గదే రంది" అని చెప్పింది. "పక్క మంచం మీదాయన్ను మీ ఇల్లు యాడ, పైపులెవరు మార్చిన్రు అని అడుగుతుండె. ఆయన ఖమ్మం నుంచొచ్చినోడు, ఆయనకేం ఎర్క. పానం పోయే పొద్దు నా చెయ్యి పట్టుకొని, ఆ ఇల్లు నువ్వు దేవులాడు అన్నడు. నాకు చదువు రాదు, ఆ గల్లీలు తెల్వయి. యాడని దేవులాడాలె అమ్మా? మీరైతె నలుగురికి చెప్తరు."

చెబుతానని మాటిచ్చాను. నేను పనిచేసే బ్యాంకులో చెప్పాను, పాలావిడతో చెప్పించాను, ఇంకా దొరకలేదు. అందుకే అతని గురించి రాయడానికి కూర్చున్నాను. పోయినవాళ్ళని మెచ్చుకుంటూ రాయడం నాకు రాదు, అతనేమంత మెచ్చుకోదగ్గ మనిషో కూడా నాకు తెలీదు. చదివినవాళ్ళలో ఎవరైనా, అరె, ఈయన మా ఇంటికి వచ్చాడే అనుకుంటారేమోనని రాశాను. మీ ఇంట్లోనో, మీరు ఒకప్పుడు అద్దెకున్న ఇంట్లోనో, మీ అక్కగారింట్లోనో ఇనప పైపులు తీసి తెల్లవి వేసింది ఈ మనిషే అయితే, బాత్రూం గోడకి నీలం సున్నం ఉంటే, దానిమీద ఇప్పుడు వేరే రంగు వేసి ఉంటే కొంచెం గీకి చూడండి. గీజర్ వెయ్యకండి. ముందు వైర్‌మన్‌ని పిలవండి.

మళ్ళీ చలి మొదలైంది. ఇందాక గేటు తీస్తుంటే, ఎదురు మేడ మీద బాత్రూంలో ఎవరో స్నానానికి బకెట్‌లోకి నీళ్ళు వదిలిన చప్పుడు వినిపించింది.